అవధానము – అప్రస్తుత ప్రసంగము

అష్టావధాన సభను చూచినవారికి అప్రస్తుత ప్రసంగి యెవరో చెప్ప నక్కరలేదు. అవధాని ఒకవైపు సమస్యను పూరించుచు, మరొకవైపు దత్తపదిని నడపుచు, నిషిద్ధాక్షరిలో ఒక్కొక్క అక్షరమును ఏరుకొనుచుండగా, ఈ పృచ్ఛకుడు నడుమ నడుమ దూరి సందర్భము లేని ప్రశ్నలు వేయును. "అయ్యా, ఈ పూట తమ యింట ఏమి కూర?" అని అడుగును. సభ నవ్వును. కాని అతని పని నవ్వించుట మాత్రమే కాదు; అవధాని మనస్సును పట్టు తప్పించుట. ఘంటాగణనము ఉన్న సభలో ప్రక్కనే గంట కూడ మ్రోగుచుండును. అది ఎన్నిసార్లు మ్రోగినదో చివరకు అవధాని చెప్పవలెను.

ఇట్టి పరీక్షకు నిలిచిన తిరుపతి వేంకట కవుల వంటివారు అరుదు. నేటి హైస్కూలు విద్యార్థి మాత్రము ఏ సాధనయు లేకయే దినదినము అట్టి సభలో కూర్చుండుచున్నాడు. గంట కొట్టువాడును, అప్రస్తుత ప్రసంగియు ఒక్కటై సెల్‌ఫోను రూపమున అతని ప్రక్కనే యున్నారు. అవధాన సభ కొన్ని గంటలలో ముగియును. ఈ సభకు ముగింపు లేదు. దీనివలన చదువునకు ఎంత నష్టము, ఎందువలన నష్టము అను ప్రశ్నలకు మనశ్శాస్త్రము కొంతవరకు సమాధానము చెప్పగలుగుచున్నది.

మనస్సు ఒకేసారి రెండు పనులు చేయునా?

1953లో కోలిన్ చెర్రీ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఒక చక్కని ప్రయోగము చేసెను. వినువారి రెండు చెవులలో రెండు వేర్వేరు ప్రసంగములు వినిపించి, ఒక చెవిలోని మాటలను మాత్రము వెంటవెంటనే పైకి పలుకుమని కోరెను. వారు అట్లే పలికిరి. కాని రెండవ చెవిలో ఏమి వినబడినదని అడిగినప్పుడు, అది మనుష్య కంఠమని తప్ప అందలి విషయమును చెప్పలేకపోయిరి. నడుమ ఇంగ్లీషు ఆగి జర్మను భాష మొదలైనను వారు గుర్తింపలేదు. చెవికి శబ్దము చేరినది. మనస్సునకు అర్థము చేరలేదు.

మరి, పాఠము చదువుచునే సందేశములకు బదులిచ్చుచున్నాననువాడు ఏమి చేయుచున్నాడు? రెండింటిని ఒకేసారి చేయుట లేదు. ఒకదాని నుండి మరొకదానికి గంతులు వేయుచున్నాడు. ప్రతి గంతునకు కొంత కాలము ఖర్చగును. 1927లోనే ఆర్థర్ జెర్సిల్డ్ అను అమెరికను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ ఖర్చును కొలిచి చూపెను.

తరగతిలో చేయదగిన ప్రయోగము

దీనికి కాగితము, పెన్సిలు, సెకండ్ల ముల్లుగల గడియారము చాలును. మొదట విద్యార్థులు 1 మొదలు 12 వరకు అంకెలను, ఆ వెంటనే ఋకారములను విడిచి అ మొదలు ఔ వరకు గల 12 అచ్చులను ఒకే వరుసలో వ్రాయవలెను. పట్టిన కాలమును గుర్తుంచుకొనవలెను. పిమ్మట వానినే మార్చి మార్చి, 1 అ, 2 ఆ, 3 ఇ అను క్రమమున వ్రాయవలెను. రెండు పర్యాయములును వ్రాసినవి అవే 24 గుర్తులు. అయినను సాధారణముగా రెండవసారి కాలము ఎక్కువ పట్టును; తప్పులును హెచ్చును.

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక జాగ్రత్త తీసికొనవలెను. మొదటి పర్యాయపు అభ్యాసము రెండవదానికి తోడ్పడవచ్చును. కావున తరగతిలో సగము మందిచేత రెండవ పద్ధతినే ముందు చేయించి, అందరి సగటులను పోల్చుట మంచిది. అంకెలు, అచ్చులు పసివారికిని వచ్చినవే. ఇంత తేలిక పనిలోనే ఆలస్యమైనచో, బీజగణితపు లెక్క నడుమ గంతు వేసినవాని సంగతి ఊహింపవచ్చును.

అంతేగాక, విడిచిన పని మనస్సును పూర్తిగా విడువదు. ముగియని పని నుండి మరలినవారి ధ్యాసలో కొంత భాగము వెనుకటి పనియందే చిక్కుకొని యుండునని 2009లో సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు చూపినది. ఫోను తెరువనంత మాత్రమున నష్టము తప్పదు. 2015లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ధ్యాస నిలుపవలసిన పనిలో ఉన్నవారికి ఫోను మ్రోగుటయో, అదురుటయో తెలిసినంతనే, వారు దానిని ముట్టకపోయినను, తప్పులు పెరిగినవి. "ఎవరై యుందురు?" అను ప్రశ్నయే చాలును.

గంటకు అంత బలమెక్కడిది?

వుల్‌ఫ్రామ్ షుల్ట్‌జ్ అను శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో డోపమీను అను రసాయనమును విడుదల చేయు కణములను పరీక్షించెను. కోతికి అనుకొనకుండ పండ్లరసము దొరికినప్పుడు ఆ కణములు చురుకుగా స్పందించినవి. రసమునకు ముందు ప్రతిసారి ఒక గుర్తు చూపగా, కొంతకాలమునకు అవి రసమునకు గాక, ఆ గుర్తునకే స్పందింపసాగినవి. ఫోను మ్రోత అట్టి గుర్తే. అందులోని కబురు కన్న, కబురు రానున్నదను సూచనయే మనస్సును లాగును.

దీనికి తోడు మరియొకటి కలదు. బి. ఎఫ్. స్కిన్నర్ పావురములు మీటను పొడిచినప్పుడు గింజలు పడునట్లు ఏర్పాటు చేసెను. ఎన్ని పోట్లకు గింజ పడునో తెలియకుండ చేసినప్పుడు అవి విసుగులేక పొడుచుచునే యుండెను. గింజలు ఆపివేసిన పిమ్మటను చాలసేపు మానలేదు. ఈ ఫలితములను 1957లో ఆయన, ఫెర్‌స్టర్ కలిసి గ్రంథరూపమున ప్రకటించిరి. ఫోను తెరను వ్రేలితో పైకి జరుపువానికి తరువాత వచ్చునది విందో, వట్టిదో తెలియదు. తెలియకపోవుటచేతనే అతడు ఆపలేడు. కావున ఇది విద్యార్థి గుణదోషము మాత్రమే యనుట న్యాయము కాదు.

కంటి ముందున్నది కనబడుట

చదువు మాటేగాక, ఎదుటనున్న క్షణమును అనుభవించుటయు ధ్యాసపైననే ఆధారపడియున్నది. 2014లో లిండా హెంకెల్ ఒక మ్యూజియములో విద్యార్థులచేత కొన్ని వస్తువులను చూపుతో మాత్రమే చూడజేసి, కొన్నింటికి ఫోటోలు తీయించినది. మరునాడు ఫోటో తీసిన వస్తువులే తక్కువగా జ్ఞప్తికి వచ్చినవి. అయితే వస్తువులోని ఒక భాగమును దగ్గరగా చేసికొని ఫోటో తీసినప్పుడు జ్ఞాపకము తగ్గలేదు. దోషము కెమెరాలో లేదు; "కెమెరా చూచుకొనును" అని మనస్సు తప్పుకొనుటలో ఉన్నదని దీనివలన ఊహింపవచ్చును.

చేయదగినది

ఫోనును శత్రువుగా ఎంచనక్కరలేదు. పాఠములు వినుటకు, నిఘంటువు చూచుటకు, దూరమున నున్న తల్లిదండ్రులతో మాటలాడుటకు అదియే సాధనము. చేయవలసినదెల్ల గంటను ఆపుట, సాధనమును దూరముంచుట. చదువు వేళ నోటిఫికేషనులను ఆపి, ఫోనును మరొక గదిలో నుంచవలెను. ఫోను బల్లపై నున్నవారికన్న మరొక గదిలో నుంచినవారు తాత్కాలిక స్మృతి పరీక్షలలో మెరుగుగా నుండిరని 2017లో ఒక పరిశోధన తెలిపినది. తరువాతి పరిశోధనలు కొన్నింటిలో ఆ భేదము కనబడలేదు. అయినను దూరముననున్న ఫోనును అందుకొనుటకు లేచి నడువవలెను. ఆ నడకయే ఆలోచనకు వ్యవధి నిచ్చును. సందేశములను రోజులో నియమిత వేళలందే చూచుకొనవలెను. పని నడుమ లేవవలసివచ్చినచో, ఎక్కడ ఆగినది, తరువాత చేయవలసినదేమి అను రెండు మాటలు కాగితముపై వ్రాసి లేచినయెడల, తిరిగివచ్చుట సులభమగును. భోజనము వేళ ఫోను ఇంట ఎవరి చేతను ఉండరాదు. ఈ నియమము పెద్దలకును వర్తింపవలెను.

అవధానము చివర ధారణ యను ఘట్టము కలదు. విడివిడిగా చెప్పిన పాదములన్నింటిని అవధాని ఒకచోట కూర్చి, పూర్తి పద్యములుగా అప్పగించును. అడుగడుగున అంతరాయము కలిగినను, ప్రతి పాదము చెప్పునప్పుడు మనస్సు దానియందే నిలిచినది గనుక ఇది సాధ్యమగుచున్నది. విద్యార్థియు రాత్రి పరుండబోవునప్పుడు ఆనాటి పాఠములను, ఇంటివారు చెప్పిన మాటలను ఒకసారి ధారణ చేసి చూచుకొనవచ్చును. ఎంత జ్ఞప్తికి వచ్చునో, ఆ దినమున అంత భాగము అతనిదైనట్లు.