ప్రజల ముంగిట సమకాలీన కళ

చిత్రకళ ఒకప్పుడు సామాన్యుని కంటికి అందుబాటులోనే ఉండేది. లేపాక్షి ఆలయ మండపంలో తలయెత్తి చూసిన ప్రతివారికీ కప్పు మీది వర్ణచిత్రాలు దర్శనమిచ్చేవి. చేర్యాల నకాషీ పటాన్ని విప్పి కథకుడు పురాణం చెబుతుంటే ఊరంతా కూర్చుని ఆలకించేది. ఆధునిక యుగంలో చిత్రాలు, శిల్పాలు చాలావరకు నగరాలలోని గ్యాలరీలకు, సంపన్నుల సేకరణలకు పరిమితమయ్యాయి. ‘ఇది మనకు అర్థమయ్యేది కాదు’ అన్న సంకోచం సామాన్యునిలో, ‘మా కృషిని చూసేవారు లేరు’ అన్న వేదన కళాకారునిలో మిగిలాయి. ఈ దూరాన్ని తగ్గించడానికి కొన్నిచోట్ల కళాకారులే స్వయంగా పూనుకొన్నారు.

దక్షిణ భారతదేశంలో ఇటువంటి ప్రయత్నాలకు చోళమండలం ఒక తొలి ఉదాహరణ. మద్రాసు కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో చిత్రకారులు, శిల్పులు 1966లో మద్రాసు నగర శివార్లలోని సముద్రతీరాన కళాకారుల గ్రామాన్ని నెలకొల్పారు. బాతిక్ వస్త్రాలు, హస్తకళా వస్తువులు తయారుచేసి అమ్మగా వచ్చిన ఆదాయమే వారికి ఆధారమైంది. చేతిపని జీవనాన్ని గడుపుతుంటే, సృజన స్వేచ్ఛగా సాగింది.

అదే స్ఫూర్తి మరింత విస్తృతంగా కనిపించేది కొచ్చి నగరంలో. రెండేళ్లకొకసారి జరిగే కళా ప్రదర్శనను ‘బినాలే’ అంటారు. ఈ సంప్రదాయం 1895లో ఇటలీలోని వెనిస్‌లో మొదలైంది. కేరళలో పుట్టి ముంబయిలో స్థిరపడిన చిత్రకారులు బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము 2010లో ఒక సంస్థను స్థాపించి, 2012 డిసెంబరు 12న కొచ్చి-ముజిరిస్ బినాలేను ప్రారంభించారు. ముజిరిస్ అనేది రోము నగరంతో మిరియాల వ్యాపారం సాగించిన ప్రాచీన రేవు. ఆ పేరును చేర్చడం ద్వారా కొత్త కళను పాత చరిత్రతో ముడివేశారు. ఇందుకోసం వారు కొత్త భవనాలు కట్టలేదు. ఆస్పిన్‌వాల్ హౌస్, పెప్పర్ హౌస్ వంటి పాత వర్తక గిడ్డంగులనే ప్రదర్శనశాలలుగా మలిచారు.

ఆరంభం సుఖంగా జరగలేదు. ప్రభుత్వ ధనం వినియోగంపై వివాదాలు చెలరేగాయి. నిధుల కొరత వలన ప్రారంభదినాన కొన్ని కళాఖండాలు అసంపూర్ణంగానే ఉన్నాయి. అయినప్పటికీ నిర్వాహకుల లెక్క ప్రకారం సుమారు 4 లక్షల మంది ఆ ప్రదర్శనను సందర్శించారు.

సమకాలీన కళ కేవలం చూసి ఆనందించేది కాదు, అనుభవించవలసినది. 2016 బినాలేలో చిలీ దేశపు కవి రౌల్ జురితా ఒక విశాలమైన గదిని సముద్రజలంతో నింపాడు. ఎదుటి గోడమీది కవితను చదవాలంటే సందర్శకుడు నీటిలో నడిచి వెళ్లక తప్పదు. 2015లో సముద్రంలో మునిగి మరణించిన సిరియా శరణార్థి బాలుడు గాలిప్ కుర్దీకి అది నివాళి. తమ్ముడు ఆలన్ ఛాయాచిత్రం లోకమంతటికీ తెలుసు, అన్న గాలిప్ గురించి మాత్రం అంతగా తెలియదు. 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తగా, ఆ ఏటి బినాలేలో బంగ్లాదేశ్ కళాకారిణి మార్జియా ఫర్హానా వరదలో పాడైన గృహోపకరణాలను గదిలో వేలాడదీసింది. తమ ఇంటి వస్తువులవంటివే అక్కడ చూసిన కేరళవాసికి ఆ కళ పరాయిదిగా ఎలా తోచగలదు?

2014 నుండి కళాశాల విద్యార్థుల కోసం ప్రత్యేక బినాలే కూడా జరుగుతున్నది. 2018లో అనితా దూబే ఈ ప్రదర్శనకు తొలి మహిళా క్యూరేటర్‌గా వ్యవహరించింది. కోవిడ్ కారణంగా 2020లో జరగవలసిన ప్రదర్శన 2022కు వాయిదా పడింది. అప్పుడు కూడా ప్రధాన వేదికలు అనుకున్న నాటికి సిద్ధం కాక, డిసెంబరు 23న తెరుచుకొన్నాయి. కళాకారులు నడిపే సంస్థకు ఉత్సాహం ఎంత అవసరమో, నిలకడైన నిధులు, క్రమబద్ధమైన నిర్వహణ కూడా అంతే అవసరమని ఆ జాప్యం నిరూపించింది. ఆరవ ప్రదర్శన కళాకారుడు నిఖిల్ చోప్రా సారథ్యంలో 2025 డిసెంబరు 12న ప్రారంభమైంది.

అర్థమైన తరువాతనే కళను చూడాలన్న నియమమేదీ లేదు. చూడగా చూడగా అర్థం తానే వికసిస్తుంది. అయితే చూడడానికి తలుపు తెరిచి ఉండాలి. ఆ తలుపు తెరవడమే కళాకారులు చేస్తున్న పని. లోపలికి అడుగుపెట్టడం ప్రజల వంతు.