జ్వరమొస్తే మాత్ర మానాలా, తిండి మానాలా?
చక్కెర రోగులను చిక్కుల్లో పెడుతున్న రొంప జ్వరాలు

చలి ముదిరే కొద్దీ పల్లెల్లో ఇంటింటా దగ్గు, రొంప వినిపిస్తాయి. పడిశం మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అన్న మాట ఊళ్లో తెలియనివారు లేరు. ఆరోగ్యవంతుల విషయంలో అది చాలావరకు నిజం కూడా. కాని ఇంట్లో చక్కెర వ్యాధి మనిషి ఉంటే ఆ ఏడు రోజులే గండంగా మారుతున్నాయి. విచారించదగిన సంగతేమిటంటే, ఆ గండం చాలాసార్లు జ్వరంతో కాక, జ్వరానికి ఇంట్లో చేసే ఉపచారంతోనే వస్తున్నది.

అరవై దాటిన రైతుకు జ్వరం తగిలిందనుకుందాం. లంఖణం పరమౌషధం అని ఇంటివారు అన్నం బందు చేస్తారు. అయితే పరగడుపున వేసుకునే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం అలవాటు ప్రకారం లోపలికి పోతుంది. మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు, చేతుల వణుకు, మాట తడబాటు. చెమట పట్టింది, జ్వరం దిగిందని ఇంటివారు సంతోషించి దుప్పటి కప్పుతారు. నిద్ర పోతున్నాడు, లేపవద్దంటారు. నిజానికి దిగినది జ్వరం కాదు, రక్తంలో చక్కెర. అది 70 కంటే తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. స్పృహ ఉన్నప్పుడే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగిస్తే పావుగంటలో తేరుకునే మనిషి, సాయంత్రానికి 108 బండి ఎక్కవలసి వస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు పొరపాటు ఇన్సులిన్ వాడేవారి ఇళ్లలో జరుగుతుంది. తిండి తినలేదు కదా, ఇంజక్షన్ ఎందుకని మానేస్తారు. రెండో రోజుకు వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, ఆయాసం. దగ్గు ముదిరి ఆయాసం వచ్చిందని అనుకుంటారు. అసలు సంగతి ఇన్సులిన్ లేక శరీరం కొవ్వును కరిగించుకోవడం, తత్ఫలితంగా రక్తం ఆమ్లంగా మారడం. దీనిని కీటోయాసిడోసిస్ అంటారు. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. చిన్న వయసులోనే వచ్చే మొదటి రకం మధుమేహం ఉన్నవారు ఎంత జ్వరం వచ్చినా, మెతుకు ముట్టకపోయినా, ఇన్సులిన్ పూర్తిగా మానరాదు. మోతాదు మార్చుకోవచ్చు, అది కూడా వైద్యుడిని అడిగి.

తినకపోయినా చక్కెర ఎందుకు పెరుగుతుందని చాలామంది అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. వైరస్ సోకినప్పుడు దానితో పోరాడటానికి శరీరం అడ్రినలిన్, కార్టిజాల్ వంటి హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. అవి కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి. అదే సమయంలో ఇన్సులిన్ పని మందగిస్తుంది. చక్కెర పెరిగితే తెల్లకణాల పోరాట శక్తి తగ్గి, మామూలు రొంప ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియాగా మారే అవకాశం పెరుగుతుంది. జ్వరం చక్కెరను పెంచుతుంది, చక్కెర జ్వరాన్ని ముదురుస్తుంది. నీరసంగా ఉందని గ్లూకోజు పొడి కలిపిన నీళ్లు పట్టించడం, పరీక్ష చేయకుండానే గ్లూకోజు సీసా ఎక్కించడం ఇందుకు తోడవుతున్నాయి.

మాత్రలన్నీ ఒకటి కావు

చక్కెర బిళ్ల అని ఊళ్లో ఒకే పేరుతో పిలిచినా వాటిలో తేడాలున్నాయి. అందరూ వాడే మెట్‌ఫార్మిన్ ఒంటరిగా చక్కెరను ప్రమాదకరంగా పడదోయడం అరుదు. అయితే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటే ఆ మందు రక్తంలో పేరుకుని హాని చేస్తుంది. అటువంటప్పుడు దానిని తాత్కాలికంగా ఆపి, మళ్లీ మామూలుగా తిని తాగడం మొదలెట్టిన ఒకటి రెండు రోజులకు తిరిగి వేసుకోమని వైద్యులు చెబుతారు. వాంతులు లేని ఉత్త పడిశానికి దానిని ఆపనక్కరలేదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటివి తినని రోజు వేసుకుంటే పైన చెప్పిన రైతు గతే పడుతుంది.

ఇక డపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు. 2020లో పేటెంటు గడువు తీరాక ధర తగ్గి ఇవి పల్లెల మందుల చీటీల్లోకి కూడా వచ్చాయి. చక్కెరను మూత్రంలో పంపేసే మందు ఇది. తిండి, నీరు మానిన రోగి దీనిని కొనసాగిస్తే, మీటరులో చక్కెర పెద్దగా లేకపోయినా లోపల రక్తం ఆమ్లమయ్యే అవకాశముంది. అంకె చూసి ధైర్యపడటం ఇక్కడ పనికిరాదు. జ్వరంతో మంచాన పడి, తిండి ఎక్కనప్పుడు ముందుగా ఆపవలసినది ఇదే.

మూడు ఏళ్ల పాఠం

2020 వసంతంలో ఇంగ్లండు ఆసుపత్రుల్లో కోవిడ్‌తో మరణించినవారిలో దాదాపు మూడో వంతు మధుమేహ రోగులే. అదే ఏడాది జూన్‌లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్షలో డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ ప్రాణాలు నిలుపుతుందని తేలింది. ఎవరికి? వెంటిలేటరు మీద ఉన్నవారికి, ఆక్సిజన్ అవసరమైనవారికి మాత్రమే. ఆక్సిజన్ అక్కరలేని వారికి లాభం కనిపించలేదు. మోతాదు కూడా రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజులకు మించకుండా. ఇక్కడ మాత్రం ఆ కట్టుబాట్లు గాలికి పోయి, మొదటి రోజు జ్వరానికే స్టెరాయిడ్లు మింగినవారున్నారు. స్టెరాయిడ్ చక్కెరను అమాంతం పెంచుతుంది. 2021 వేసవిలో నల్ల ఫంగస్ విరుచుకుపడటానికి అదుపులో లేని మధుమేహం, స్టెరాయిడ్ల వాడకం ముఖ్య కారణాలని వైద్యులు గుర్తించారు. ఆ ఏడాది జూలై నాటికే దేశంలో 45 వేలకు పైగా కేసులు, 4,200కు పైగా మరణాలు నమోదయ్యాయి. హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి రోగులతో కిటకిటలాడింది. ప్రాణం దక్కినా కన్ను పోగొట్టుకున్నవారు ఎందరో.

కోవిడ్ ఉధృతి పోయింది గాని ఆ అలవాటు పోలేదు. దగ్గు తగ్గడం లేదంటే స్టెరాయిడ్ సూది వేయించుకోవడం, పొట్లంలో కట్టిన రంగురంగుల బిళ్లలు పేరు అడగకుండా మింగడం నేటికీ ఉంది. ఆ సూదితో రెండు రోజులు హుషారుగా ఉంటుంది, కాబట్టి ఇచ్చినవారికి మంచి పేరు వస్తుంది. చక్కెర 400 దాటిన సంగతి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఆస్తమా వంటివాటికి స్టెరాయిడ్ తప్పనిసరి అయిన సందర్భాలు లేకపోలేదు. అప్పుడు చక్కెరను రోజూ చూసుకుంటూ మందు సవరించుకోవాలి.

ఇదిలా ఉండగా మెట్‌ఫార్మిన్‌కు, పడిశానికి ఒక పాత బంధుత్వముంది. 1949 ప్రాంతంలో ఫిలిప్పీన్స్‌లో యుసేబియో గార్సియా అనే వైద్యుడు దీనిని ఇన్‌ఫ్లుయెంజా మందుగానే వాడాడు. దానితో చక్కెర తగ్గుతున్నట్టు కూడా గమనించాడు. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ దీనిని మధుమేహానికి వాడిన ఫలితాలు ప్రకటించాడు. కోవిడ్ కాలంలో ఈ మాత్రను వైరస్ మీద మళ్లీ పరీక్షించారు. 2022లో వెలువడిన అమెరికా పరీక్షలో ముఖ్య లక్ష్యం నెరవేరలేదు గాని, ఆసుపత్రి పాలైనవారు కొంత తగ్గారు. బ్రెజిల్‌లో జరిగిన మరో పరీక్షలో ప్రయోజనం కనబడలేదు. కనుక రొంపకు చక్కెర మాత్ర మందు అని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు.

చీటీ మీద రాయించుకోవాలి

దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్టు 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. వీరిలో పల్లెవాసులు చాలామందికి నెలనెలా మాత్రలైతే అందుతున్నాయి గాని, జ్వరం వచ్చిననాడు ఏది వేసుకోవాలో, ఏది ఆపాలో చెప్పేవారు తక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మాత్రల కోసం వెళ్లినప్పుడే ఈ ప్రశ్న అడిగి చీటీ వెనుక రాయించుకోవచ్చు. అందుకు పైసా ఖర్చు లేదు. ఏటా వేయించుకునే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా చక్కెర రోగులకు మంచివని వైద్య సంఘాలు సిఫారసు చేస్తున్నా, వాటిని ఎక్కువగా సొంత డబ్బుతో కొనుక్కోవలసి రావడంతో పల్లెల్లో వేయించుకున్నవారు కనిపించడం అరుదు.

జ్వరం రోజుల్లో అన్నం ఎక్కకపోతే గంజి, మజ్జిగ, పప్పుకట్టు, ఇడ్లీ ఏదో ఒకటి కొద్దికొద్దిగా తీసుకోవాలి. గంటగంటకు నీళ్లు తాగాలి. ఇన్సులిన్ వాడేవారు నాలుగైదు గంటలకొకసారి చక్కెర చూసుకోవాలి. చక్కెర 300 దాటి దిగకపోయినా, వాంతులు ఆగకపోయినా, శ్వాస వేగంగా లోతుగా వస్తున్నా, మగతగా ఉన్నా, వేలికి పెట్టే పరికరంలో ఆక్సిజన్ 94 కంటే తగ్గినా తెల్లవారే దాకా ఆగకూడదు. ముఖం ఒక పక్క వాచినా, ముక్కు నుంచి నల్లని స్రావం వచ్చినా, వస్తువులు రెండుగా కనిపించినా అంతే. బయలుదేరేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, ఊళ్లో వేయించుకున్న సూది సీసా ఉంటే అది కూడా సంచిలో వేసుకెళ్లాలి. పెద్దాసుపత్రిలో డాక్టరు మొదట అడిగేది వాటి గురించే.