వృషణంలో గడ్డా? సూది గుచ్చక ముందే స్కాన్

వృషణంలో గడ్డతో మా ఆసుపత్రికి వచ్చే కుర్రాళ్లు అప్పటికే రెండు మూడు చోట్ల చూపించుకుని ఉంటారు. ప్రొద్దుటూరులో మగ్గం నేసేవారైనా, పులివెందుల చీనీ తోటల్లో పనిచేసేవారైనా, జమ్మలమడుగులో డిగ్రీ చదివేవారైనా చెప్పే మాట దాదాపు ఒకటే: ‘వేడి చేసిందనుకున్నాం సార్’. లేదంటే క్రికెట్ బంతి తగిలిందంటారు. దెబ్బ వల్ల కణితి పుట్టదు. దెబ్బ తగిలిందని తడిమి చూసుకున్నప్పుడు, అంతకుముందే ఉన్న గడ్డ చేతికి తగులుతుంది, అంతే.

ఈ క్యాన్సర్ ఎక్కువగా 15 నుంచి 40 ఏళ్ల లోపు వారిలోనే కనిపిస్తుంది. అంటే పెళ్లీడు. సిగ్గు ఒకవైపు, సంబంధం తప్పిపోతుందన్న భయం మరోవైపు. పైగా చాలామందికి నొప్పే ఉండదు, కాస్త బరువుగా అనిపిస్తుంది. నొప్పి లేదు కదా అని నెలలు గడిపేస్తారు.

డాక్టర్లకూ ఇది తేలిగ్గా దొరికే జబ్బు కాదు. వాపుతో పాటు కొద్దిగా నొప్పి ఉంటే అచ్చం ఇన్‌ఫెక్షన్‌లా ఉంటుంది. యాంటీబయాటిక్స్ రాయడంలో తప్పులేదు. రెండు వారాలు వాడాక కూడా గట్టిదనం తగ్గకపోతే ఇంకో కోర్సు, ఆపై మరో కోర్సు అంటూ సాగదీయడమే తప్పు. మన దేశంలో క్షయ కూడా అక్కడ గడ్డలా వస్తుంది. ఇక వరిబీజం. టార్చిలైటు వేస్తే నీరున్న బుడ్డ ఎర్రగా వెలుగుతుంది, గట్టి కణితి వెలగదు. కానీ కొందరిలో కణితి చుట్టూనే నీరు చేరుతుంది. లైటు వెలుగుతుంది, లోపలిది దాక్కుంటుంది. అందుకే వరిబీజం అన్నా సరే, సూదితో నీరు తీయించే ముందు అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించాలి. మరికొందరిలో జబ్బు కడుపులోకి పాకి నడుం నొప్పిగా బయటపడుతుంది. కిడ్నీలో రాయి అనుకుని మందులు వాడుతుంటారు.

(హఠాత్తుగా, భరించలేనంత నొప్పి వస్తే అది వేరే సంగతి. వృషణం మెలిపడి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరగాలి.)

సూది గురించి ఎందుకింత పట్టుదల అంటే, మిగతా అవయవాల్లో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపుతాం. ఇక్కడ అలా చేయం. వృషణం నుంచి లింఫ్ నాళాలు కడుపులో వెన్నెముక దగ్గరి గ్రంథులకు వెళ్తాయి. తిత్తి చర్మం నుంచి మాత్రం గజ్జల్లోకి వెళ్తాయి. తిత్తిని కోసినా గుచ్చినా జబ్బుకు కొత్త దారి చూపించినట్టే. అందుకే గజ్జ దగ్గర కోసి, వృషణాన్ని మొత్తంగా తీసి ల్యాబ్‌కు పంపుతారు.

ఆపరేషన్‌కు ముందే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు చేయించాలి. ఇవి నార్మల్‌గా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ లేదని కాదు. కానీ ముందటి అంకె లేకపోతే, తర్వాత ఎంత తగ్గిందో పోల్చి చూసే వీలుండదు. చికిత్స కూడా వీటిని బట్టే మారుతుంది. సెమినోమా అనే రకం రేడియేషన్‌కు బాగా లొంగుతుంది, మిగతా రకాలు అంతగా లొంగవు. ల్యాబ్ రిపోర్టులో సెమినోమా అని ఉన్నా, ఏఎఫ్‌పీ పెరిగి ఉంటే కణితిలో ఎక్కడో వేరే రకం కణాలు కూడా ఉన్నట్టే లెక్కగట్టి వైద్యం చేస్తారు.

ఇంతా చేసి ఇది బాగా నయమయ్యే క్యాన్సర్. ఇతర భాగాలకు పాకాక కూడా సిస్‌ప్లాటిన్ కలిసిన కీమోతో చాలామంది కోలుకుంటారు. క్రికెటర్ యువరాజ్ సింగ్‌కు వచ్చింది సెమినోమానే, కాకపోతే వృషణంలో కాదు, రెండు ఊపిరితిత్తుల మధ్య. సిస్‌ప్లాటిన్‌తో వృషణ క్యాన్సర్ నయమవుతుందని 1970ల్లో చూపించిన డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ దగ్గరే ఆయన 2012లో వైద్యం చేయించుకున్నారు.

ఒకటి తీసేసినా రెండోది ఆరోగ్యంగా ఉంటే సంసారానికి, పిల్లలకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా కీమోకు ముందే వీర్యం భద్రపరచుకోవడం గురించి డాక్టర్‌ను అడగండి. పెద్దలు మొహమాటపడి ఈ మాట ఎత్తరు, తర్వాత అడిగి లాభం ఉండదు. కడప రిమ్స్‌కో, తిరుపతి స్విమ్స్‌కో వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం ఒక్కటే కాదు, ఆపరేషన్‌కు ముందటి రక్తపరీక్షలు, స్కాన్ ఫిల్ములు, ల్యాబ్‌లో ఉండే స్లైడ్లు, మైనపు బ్లాకులు కూడా అడిగి తీసుకెళ్లండి.