సంతలో చేతులు మారిన మాట

పాత న్యూస్‌గ్రూపులు మేలా, కొత్త వెబ్ చర్చావేదికలు మేలా అన్న అభిరుచిపరుల తగవు బస్తర్ అడవులలో మరో రూపం ధరించింది

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా ఉత్తరానికి సాగే రహదారి కొంటా వద్ద ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో అడుగు పెడుతుంది. అక్కడి బజారులో తెలుగు ఇంకా చెల్లుతూనే ఉంటుంది. అంగడివాని లెక్క తెలుగులో, కొనవచ్చినవారి బేరం గోండీలోనో దోర్లీలోనో, కచేరీల రాతకోతలు హిందీలో జరుగుతాయి. మరికొంత దూరం అడవి దారిన ప్రయాణం చేస్తే శబరి ఒడ్డున సుక్మా వస్తుంది. ఒకప్పుడు దంతేవాడ జిల్లాలో భాగమైన ఈ సీమ 2012 జనవరిలో ప్రత్యేక జిల్లా అయింది.

ఇక్కడ వారపు సంత కేవలం క్రయవిక్రయాల స్థలం కాదు. ఉప్పు, ఎండుచేపలు, చింతపండు, ఇప్పపువ్వు ఎలా చేతులు మారతాయో, పెండ్లి మాటలూ చావు కబుర్లూ అలాగే చేతులు మారతాయి. తెల్లవారుజామున బయలుదేరి మైళ్ల కొద్దీ నడిచి వచ్చినవారు సరుకుతోపాటు సమాచారాన్ని కూడా మూటగట్టుకొని చీకటి పడేలోగా ఊరు చేరుకుంటారు. 2010 దశకం నడిమి సంవత్సరాలలో బస్తర్ సంతలకు ఒక కొత్త సరుకు వచ్చింది. ఇద్దరు యువకులు ఒకరి పక్కన ఒకరు నిలబడి ఫోనులు దగ్గరగా పట్టుకొనేవారు. కొద్ది క్షణాలలో ఒకని ఫోనులోని పాటో, వార్తో, మొరో రెండవవాని ఫోనులోకి చేరిపోయేది. దానికి టవరు అవసరం లేదు, ఇంటర్నెట్టు అవసరం లేదు, పైసా ఖర్చు లేదు. లోకం బ్లూటూత్ అని పిలిచే ఆ సౌకర్యానికి అక్కడి నోళ్లలో ‘బుల్టూ’ అని పేరు. ఆ పేరే తరువాత ఒక విచిత్రమైన రేడియోకు కూడా పెట్టారు. స్టేషను లేని, ఏరియల్ లేని ఆ రేడియో పేరు బుల్టూ రేడియో.

దాని కథ చెప్పుకోవాలంటే ముందుగా సుక్మాకు సుదూరమైన మరొక లోకంలోకి తొంగిచూడాలి.

తపాలా బిళ్లలు సేకరించేవారు, చదరంగం ఆడేవారు, రేడియో పరికరాలు సొంతంగా బిగించుకొనేవారు, పద్యాల మీద మక్కువ గలవారు కంప్యూటర్ల ద్వారా కలుసుకొని ముచ్చటించుకోవటం మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. వారిలో ఒక పాత తగవు ఉంది. తొలినాటి న్యూస్‌గ్రూపులు గొప్పవా, తరువాత వచ్చిన వెబ్ చర్చావేదికలు గొప్పవా? పైకి ఇది కాఫీ మేలా టీ మేలా అన్నటువంటి వాదంలాగే కనిపిస్తుంది.

న్యూస్‌గ్రూపులకు మూలమైన యూజ్‌నెట్‌ను 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఊహించారు. పొరుగున ఉన్న నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో స్టీవ్ బెల్లోవిన్ దానికి మొదటి ప్రోగ్రాము రాశాడు. మరుసటి ఏడాది అది బయటి ప్రపంచానికి పరిచయమైంది. అది పనిచేసిన తీరు మనకు కొంత వింతగా తోచవచ్చు. టెలిఫోను చార్జీలు తగ్గే రాత్రివేళ ఒక కంప్యూటరు పొరుగు కంప్యూటరుకు ఫోను చేసేది. తన దగ్గర పోగుపడిన ఉత్తరాలన్నీ దానికి అప్పగించి, దాని దగ్గరివి తాను పుచ్చుకొనేది. ఆ రెండవది మూడవదానికి, అది నాలుగవదానికి. ఇలా ఒక ఊళ్లో రాసిన మాట మజిలీలు చేసుకుంటూ మరో ఖండానికి చేరేది. కేంద్రస్థానమంటూ ఏదీ లేదు. ప్రతి మజిలీలోనూ ఒక ప్రతి మిగిలిపోయేది. యజమాని లేడు గనుక తాళం వేసేవాడూ లేడు.

పాతకాలపువారు ఇప్పటికీ దాన్నే తలచుకోవటానికి కారణం ఇదే. తనకు నచ్చిన ప్రోగ్రాముతో చదువుకోవచ్చు. లైను కోసేసి తీరికగా ఇంట్లో కూర్చొని జవాబు రాసుకోవచ్చు. ఎవరి మాటకు ఎవరు బదులిచ్చారో కొమ్మలూ రెమ్మలుగా చూసుకోవచ్చు. విసిగించే మనిషి రాతలు తన కంట పడకుండా చేసుకోవచ్చు. ఉత్త అక్షరాలే గనుక బరువు బహు తక్కువ. కాని కొత్త వేదికలను కోరుకొన్నవారు తెలివితక్కువవారేమీ కారు. బిళ్ల మీది అచ్చుతప్పును మాటలలో వర్ణించటం కంటే బొమ్మ చూపటం సులువు. కొత్తగా వచ్చినవాడు ప్రత్యేకమైన ప్రోగ్రాము నేర్వనక్కరలేదు. బూతులాడేవాణ్ణి, వ్యాపార ప్రకటనలు గుప్పించేవాణ్ణి బయటికి నెట్టే అధికారి ఒకడుంటాడు. యూజ్‌నెట్‌లో అటువంటివాడు చాలా గ్రూపులకు లేకపోవటమే దాని కొంప ముంచింది. ప్రతి సెప్టెంబరులో విశ్వవిద్యాలయాలలో చేరే కొత్త విద్యార్థులు కొన్ని వారాలు అల్లరి చేసి, పెద్దల మందలింపుతో మర్యాద నేర్చుకొనేవారు. 1993 తరువాత వ్యాపార సంస్థలు సామాన్యులకు తలుపులు తెరవటంతో కొత్తవారి వరద ఆగనేలేదు. ఆనాటివారు దానికి పెట్టిన పేరు ‘అంతులేని సెప్టెంబరు’.

తెలుగువారికీ ఇందులో వాటా ఉంది. 1990లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు ‘సాక్ డాట్ కల్చర్ డాట్ ఇండియన్ డాట్ తెలుగు’ అనే న్యూస్‌గ్రూపులో చేరి సినిమా పాటల నుంచి ఛందస్సు దాకా వాదించుకొన్నారు. తెరమీద తెలుగక్షరాలు లేవు. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు రూపొందించిన పద్ధతిని బట్టి రోమన్ లిపిలో, పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ కలగలిపి, దీర్ఘాలనూ ఒత్తులనూ గుర్తించేవారు. చూడటానికి అది వికారమైన రాత. అయినా చదవ నేర్చినవారికి అందులో తెలుగు వినిపించేది. ఆ పద్ధతి మీద ఆధారపడిన ‘లేఖిని’ వంటి సాధనాలే తరువాతి తరం ఇంటర్నెట్టులో తెలుగు రాయటానికి దారి చూపాయి. కాలక్రమాన ఆ ముచ్చట్లు యాహూ గ్రూపులకు తరలిపోయాయి. అక్కడ ‘రచ్చబండ’ వెలసింది. 2020 డిసెంబరు 15న యాహూ సంస్థ తన గ్రూపులన్నిటినీ మూసివేసింది. ఇల్లు అద్దెదని ఆనాటిదాకా ఎందరికో గుర్తు రాలేదు.

యూజ్‌నెట్ కథ వేరుగా నడిచింది. టొరంటో విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర విభాగంలో పనిచేసిన హెన్రీ స్పెన్సర్ 1981 నుంచి పదేళ్లపాటు తన మజిలీకి వచ్చిన ఉత్తరాలను అయస్కాంత టేపులపై ఎక్కించి దాచాడు. అవి 141 టేపులు. అలా దాచమని ఆయనను ఎవరూ అడగలేదు. 2001లో గూగుల్ సంస్థ ఆ పాత చర్చలను మళ్లీ లోకానికి చూపగలిగిందంటే ఆ టేపులు ఉండబట్టే. అదే గూగుల్ 2024 ఫిబ్రవరి 22 నుంచి యూజ్‌నెట్‌కు కొత్త ఉత్తరాలను అందుకోవటం మానివేసింది. ఇతర మజిలీలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

ఇక బస్తర్‌కు వద్దాం. ఛత్తీస్‌గఢ్ 2000లో రాష్ట్రమైంది. అంతకుముందు బి.బి.సి.లో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌధరి 2004లో ‘సి.జి.నెట్’ అనే చర్చాబృందాన్ని ప్రారంభించాడు. అది కూడా ఉత్తరాల మీద నడిచిన యాహూ గ్రూపే. విలేఖరులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు, స్వచ్ఛంద సేవకులు, రాష్ట్రం విడిచి వెళ్లిన ఛత్తీస్‌గఢీలు అందులో చేరారు. మాటలు ఎక్కువగా ఇంగ్లీషులో, కొంత హిందీలో సాగేవి. ముఖ్యమైన చర్చనీయాంశాలలో బస్తర్ ఒకటి. ఆ చర్చలో లేనిదల్లా బస్తర్ ఒక్కటే. 2011 జనగణన నాటికి, సుక్మా ఇంకా అంతర్భాగంగా ఉన్న దంతేవాడ జిల్లాలో అక్షరాస్యత నూటికి 42 మాత్రమే. గోండీ మాట్లాడేవారు దేశం మొత్తం మీద దాదాపు 30 లక్షలమంది ఉన్నా వారందరికీ అలవాటైన ఒక్క లిపి లేదు. దానిని ఉత్తరాన నాగరిలోనూ మన వైపు తెలుగులోనూ రాస్తారు. ఆదిలాబాదు సీమలోని గుంజాల గ్రామంలో వెలుగుచూసిన ప్రత్యేక లిపి ఒకటి ఉంది గాని, అది కొద్దిమందికే తెలుసు.

పైగా అవి మామూలు సంవత్సరాలు కావు. 2005లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకూ దానికీ మధ్య పల్లెలు నలిగిపోయాయి. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవులలో గుడిసెలు వేసుకొన్నాయి. సుప్రీంకోర్టు 2011 జూలై 5న గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా ఆయుధమిచ్చి పంపటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఈ కాలమంతటా ఎవరి మీద ఏమి జరుగుతున్నదో వారి నోట, వారి భాషలో వినిపించే సాధనం లేదు. రేడియో పెట్టుకొందామంటే మన దేశంలో ప్రైవేటు రేడియోలకూ, సామాజిక రేడియోలకూ సొంత వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదు.

ఇటువంటి చోట న్యూస్‌గ్రూపా, వెబ్ వేదికా అన్న ప్రశ్నకు అర్థం ఉండదు. రెండూ చదువు వచ్చినవారికి, కరెంటు ఉన్నవారికి మాత్రమే. చౌధరి బృందం 2010 ఫిబ్రవరిలో మూడవ దారి పట్టింది. బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ రిసెర్చి శాస్త్రజ్ఞుడు బిల్ థీస్ తోడ్పాటుతో ‘సి.జి.నెట్ స్వర’ అనే మాటల వేదిక మొదలైంది. మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు ఫోను చేస్తే చాలు. ఒకటి నొక్కితే తన మాట రికార్డు చేయవచ్చు. రెండు నొక్కితే ఇతరుల మాటలు వినవచ్చు. చదవనక్కరలేదు, రాయనక్కరలేదు. సంపాదకులు ఆ మాట విని, నిజానిజాలు విచారించి, తరువాత అందరికీ వినిపించేవారు.

ఏమి చెప్పారు? చేసిన పనికి ఉపాధి హామీ కూలి అందలేదన్నారు, చేతిపంపు చెడి నెలలైందన్నారు, పంతులు బడికి రావటం లేదన్నారు. చివర సంబంధిత అధికారి ఫోను నంబరు చదివి, వినేవారిని ఆయనకు ఫోను చేయమని కోరేవారు. ఎక్కడో నగరంలో ఉన్న అపరిచితుడు ఆ అధికారికి ఫోను చేసి ఫలానా ఊరి చేతిపంపు సంగతి ఏమైందని అడిగేవాడు! కొన్ని పనులు నిజంగా జరిగాయి. అప్పుడు అదే గొంతు మళ్లీ వచ్చి పని జరిగిందని చెప్పేది. మొరలు మాత్రమే కావు. పెండ్లి పాటలు, పంట పాటలు పాడి వినిపించినవారు ఎందరో. అభిరుచి అన్న మాటకు వారికంటె తగినవారు లేరు.

2012లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మొదటి రెండేళ్లలో 70,000కు పైగా ఫోనులు రాగా, వెలువడిన సందేశాలు 1,100 పైచిలుకు. ఆ తేడాలో కొంత సంపాదకుల వడపోత వల్ల కావచ్చు. కాని ఎక్కువమంది వచ్చింది వినటానికేనని తోస్తుంది. యూజ్‌నెట్‌లోనూ రాసేవారికంటె మౌనంగా చదివేవారే అధికం. రచ్చబండ మీద మాట్లాడేవారు నలుగురైతే చుట్టూ చేరి వినేవారు నలభైమంది గదా.

అయితే స్వరకు ఒక్క నంబరే, ఒక్క యంత్రమే. ఆ తీగ తెగితే ఊరంతా మూగబోతుంది. గోండీ తెలిసిన సంపాదకులు కొద్దిమంది. గొంతు ఎవరిదో పల్లెలో అందరికీ తెలిసిపోతుంది. అనుమానం ప్రాణం మీదికి వచ్చే సీమలో అది చిన్న విషయం కాదు. అన్నిటికంటె పెద్ద చిక్కు సిగ్నలు. ఫోను మాట్లాడటానికి గుట్ట ఎక్కవలసిన ఊళ్లకు ఉచిత నంబరు ఇచ్చి ఏమి లాభం?

అప్పుడు అక్కరకు వచ్చింది సంతలో కుర్రవాళ్ల అలవాటు. పల్లెలో ఒకరు తన ఫోనులోనే మాట రికార్డు చేస్తారు. ఇంటర్నెట్టు ఉన్న చోటికి పోయేవాని ఫోనులోకి దాన్ని బుల్టూ చేస్తారు. అతడు అక్కడి నుంచి పంపిస్తాడు. అలా వచ్చిన మాటలనూ పాటలనూ కూర్చి తయారుచేసిన కార్యక్రమాన్ని పంచాయతీ కార్యాలయంలో దించుకొని, ఫోను నుంచి ఫోనుకు, సంత నుంచి పల్లెకు చేరవేస్తారు. ఒక్కొక్క గెంతు ముప్పై అడుగులు మించదు. మిగతా దూరమంతా మనిషి కాళ్లదే.

1980లో అమెరికా విద్యార్థులు చేసిన పని ఇదే. అప్పుడు ఫోను తీగ ఖరీదైనది. ఇప్పుడు ఇక్కడ తీగే లేదు. మాటను పోగుచేయటం, పొరుగువానికి అప్పగించటం, ఎవరి ప్రతి వారి దగ్గర మిగలటం, ఈ మూడూ ఒకటే. న్యూస్‌గ్రూపుల అభిమానులు ముప్పై ఏళ్లుగా ఏ గుణాల కోసం పాతదాన్ని పట్టుకొని వేలాడుతున్నారో, ఆ గుణాలనే యూజ్‌నెట్ పేరు విననివారు తమ అవసరం కొద్దీ తిరిగి కనిపెట్టుకొన్నారు. వెబ్ వేదికల పక్షంవారి వాదన కూడా ఇక్కడ ఓడిపోలేదు. విచారించి, వడపోసి, బాధ్యత వహించే సంపాదకుడు లేకపోతే పుకారు మనిషిని చంపగల ప్రాంతమిది. బుల్టూ రేడియో ఆ సంపాదకుణ్ణి ఉంచుకొని, తాళంచెవిని మాత్రం అతని చేతికి ఇవ్వలేదు.

2014లో శుభ్రాంశు చౌధరికి లండన్‌లోని ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ పురస్కారం లభించింది. తరువాత గోండీ రాతను పైకి చదివి వినిపించే ‘ఆదివాసీ రేడియో’ అనే ఆప్ కూడా తయారైంది. ఇటీవలి సంవత్సరాలలో సుక్మా అడవులలోకి రోడ్లతోపాటు టవర్లు వచ్చాయి, వాటివెంట వాట్సాప్ వచ్చింది. టవరు నీడలో ఉన్నవారికి బుల్టూ ఇప్పుడు మోటుగా తోచవచ్చు. లోపలి ఊళ్ల నుంచి సంతకు నడిచి వచ్చినవారి ఫోనులలో మాత్రం పాత పాటలు నిలవ ఉంటాయి. అవి ఎవరు పాడినవో చాలాసార్లు పట్టుకొని వచ్చినవారికే తెలియదు. పొద్దు వాలకముందే ఒకరు అడుగుతారు, ఒకరు ఇస్తారు. తరువాత ఇద్దరూ చెరొక కాలిబాట పడతారు.