సముద్రం లేని తార్నాకలో సముద్రపు అడుగు

2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారంలో పనిచేసే పౌర ఉద్యోగులు. నౌకలు, విమానాలు ఎంత గాలించినా ఆచూకీ దొరకలేదు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, రక్షణశాఖ ఒక ప్రకటన చేసింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనిషి లేని జలాంతర వాహనం చెన్నై తీరానికి దాదాపు 140 నాటికల్ మైళ్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున విమాన శకలాల చిత్రాలు తీసిందని దాని సారాంశం. సముద్రం మీద తిరిగే నౌక ఆ పని ఎందుకు చేయలేదన్నది తెలిస్తే, ఏయూవీ అని పిలిచే ఈ యంత్రాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ అక్కర్లేదో కూడా తెలుస్తుంది.

నీటిలో రేడియో తరంగాలు సాగవు, వెలుతురు కొంత దూరంలోనే ఇంకిపోతుంది. కాబట్టి లోతు తెలుసుకోవడానికి శబ్దమే ఆధారం. అది నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పోతుంది. నౌక అడుగున అమర్చిన మల్టీబీమ్ సోనార్ సన్నని ధ్వని పుంజాలను విసనకర్రలా పరిచి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్కగడుతుంది. ఒక్కో పుంజం ఒక డిగ్రీ వెడల్పున్నా, 3,400 మీటర్లు దిగేసరికి అడుగున సుమారు 60 మీటర్ల మేర పరుచుకుంటుంది. ఏఎన్-32 రెక్కల కొస నుంచి కొసకు 29 మీటర్లే. అంటే విమానం ముక్కలవకుండా పడి ఉన్నా నౌక పటంలో అదొక చుక్కలోనే కలిసిపోతుంది. ఇంకా సూక్ష్మంగా చూడాలంటే ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దం కావాలి. అయితే అలాంటి శబ్దాన్ని నీరు త్వరగా మింగేస్తుంది, కొన్ని వందల మీటర్లు దాటి పనికిరాదు. దగ్గరికి వెళ్లడం తప్ప మార్గం లేదు. ఏయూవీ చేసేది అదే. అడుగుకు కొన్ని పదుల మీటర్ల ఎత్తులో ఈదుతూ, అదే డిగ్రీ పుంజంతో మీటరు స్థాయి వివరం పట్టుకుంటుంది.

అయితే యంత్రం తెచ్చేవి ప్రతిధ్వనులే. నీటి లోపల జీపీఎస్ అందదు కనుక, అది తన కదలికలను తానే కొలుచుకుంటూ తానెక్కడుందో అంచనా వేసుకుంటుంది. ఆ అంచనాలో చేరే తప్పులను సరిదిద్ది, రాయేదో లోహమేదో తేల్చాల్సింది మనుషులు. ఆ విద్యకు తీరం అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణం నుంచి తార్నాక మీదుగా ఉప్పల్ వైపు వెళ్తే, హబ్సిగూడ దాటాక 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉంది. మెట్రో స్టేషన్‌కూ ఎన్‌జీఆర్‌ఐ పేరే. కృష్ణా-గోదావరి బేసిన్ అడుగు పొరల్లో గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి పదార్థంలో బంధించిన వాయువు) ఆనవాళ్లను సీస్మిక్ రికార్డుల్లో వెతికిన వారిలో ఇక్కడి శాస్త్రవేత్తలున్నారు. 2006లో జోయిడెస్ రెజల్యూషన్ నౌక ఆ బేసిన్‌లో డ్రిల్లింగ్ చేసినప్పుడు వంద మీటర్లకు మించి మందమున్న హైడ్రేట్ పొర బయటపడింది. ఆ పొరలను వెతకడం ఏయూవీ వల్ల అయ్యేది కాదు. దాని సన్నని శబ్దం అంత లోతైన పొరల్లోకి చొరబడదు.

ఇక ఏయూవీ నెమ్మదిగా పనిచేస్తుందన్న సంగతి. మధ్య హిందూ మహాసముద్రంలో బహులోహ ముద్దల అన్వేషణకు భారత్ చేతిలో 75,000 చదరపు కిలోమీటర్లున్నాయి. 2022 డిసెంబరులో ఓఎంఈ 6000 అనే ఏయూవీ అక్కడ 5,271 మీటర్ల లోతున చూసింది 14 చదరపు కిలోమీటర్లు. ఇలాగైతే ఎన్నటికి పూర్తవుతుందని అడిగితే, పూర్తి చేయాల్సిన పనే లేదన్నది నా జవాబు. విస్తీర్ణం నౌకది, అనుమానం ఉన్న చోటు ఏయూవీది. వెతికే చోటు తప్పితే దగ్గరితనం కూడా అక్కరకు రాదు. 2018లో ఇలాంటి వాహనాలు మలేసియా విమానం ఎంహెచ్370 కోసం లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా గాలించి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి. సునామీ హెచ్చరికకైనా ఏయూవీ కావాలంటే ఒప్పుకోలేను. 2007 నుంచి హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఆ హెచ్చరికలిస్తోంది. సునామీ అల 4,000 మీటర్ల లోతున గంటకు 700 కిలోమీటర్లు, 50 మీటర్ల లోతున సుమారు 80 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. ఆ లెక్కకు నడిసముద్రంలో నౌకల పటం చాలు. ఖచ్చితత్వం కావాల్సింది తీరం దగ్గరి నీటిలో, అక్కడ పడవలే సరిపోతాయి.

పటం గీయడమంటే గనుల తవ్వకానికి దారి వేయడమేనన్న ఆరోపణ నెమ్మది అన్న విమర్శకన్నా బరువైనది. ఆ ముద్దలు పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. తీసేస్తే మన లెక్కలో అవి మళ్లీ రావు. కానీ ముందు స్థితి నమోదు కాకపోతే, తవ్విన తర్వాత ఏం పోయిందో నిరూపించలేం. తవ్వకం వద్దనేవారికే ఈ పటం ఎక్కువ అవసరం, అదీ అందరూ చూడగలిగినప్పుడే. 2021లో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ అంచనా వ్యయం ఐదేళ్లకు 4,077 కోట్ల రూపాయలు. ఆ డబ్బుతో తెచ్చిన సోనార్ రికార్డుల్లో రక్షణ రహస్యం కానివాటిని ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల భూభౌతిక విద్యార్థుల ముందు పెట్టాలి. వాటిని చదవడం వాళ్ల పాఠాల్లోనే ఉండాలి.