బైక్ ట్యాంక్‌పై మ్యాగ్నెట్ బ్యాగ్ పెడుతున్నారా? అతుక్కుంది కదా అని వదిలేస్తే అంతే!

లింగంపేట (కామారెడ్డి జిల్లా): పొద్దున్నే బైక్ తీసి ఎల్లారెడ్డికో, కామారెడ్డికో పని మీద బయల్దేరేవాళ్లు మన దగ్గర చాలామందే. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు కాగితాలు, ఫోన్, ఛార్జర్, నీళ్ల సీసా.. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? వీపుకు బ్యాగ్ తగిలిస్తే చెమట. హ్యాండిల్‌కు కవర్ తగిలిస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. అందుకే ఇప్పుడు పెట్రోల్ ట్యాంక్ మీద టక్కున అతుక్కునే మ్యాగ్నెట్ బ్యాగులు కొంటున్నారు. హైదరాబాద్ నుంచి మెదక్ మీదుగా పోచారం, నిజాంసాగర్, లింగంపేట నాగన్న బావి చూడ్డానికి వచ్చే రైడర్ల బండ్లపైనా ఇవే కనిపిస్తాయి.

తాళ్లు కట్టే పని లేదు. బంక్‌లో ఒక్క చేత్తో తీసేయొచ్చు. బాగానే ఉంది. మరి సడన్‌గా బ్రేక్ వేస్తే ఆ బ్యాగ్ అక్కడే ఉంటుందా? అసలు విషయం ఇదే.

పైకి లాగితే గట్టి.. పక్కకు నెడితే వీక్!

ఇంట్లోనే చూడండి. బీరువా తలుపుకు ఒక మ్యాగ్నెట్ అతికించి నేరుగా మీవైపు లాగండి. తేలిగ్గా రాదు. అదే మ్యాగ్నెట్‌ను వేలితో పక్కకు నెట్టండి. సర్రున జారిపోతుంది. ట్యాంక్ మీద బ్యాగ్‌కూ ఇదే వర్తిస్తుంది.

మ్యాగ్నెట్ ఇనుమును తనవైపు లాక్కుంటుంది. పక్కకు జారకుండా ఆపేది మాత్రం ఆ రెండింటి మధ్య ఉండే రాపిడే. నున్నటి పెయింట్ మీద రాపిడి తక్కువ. నేరుగా లాగితే 10 కిలోల బలాన్ని తట్టుకునే మ్యాగ్నెట్ కూడా పక్కకు నెడితే 2, 3 కిలోల బలానికే జారిపోవచ్చు. వానకు ట్యాంక్ తడిస్తే ఆ పట్టు ఇంకా తగ్గుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేక్ వేస్తే, 5 కిలోల బ్యాగ్ సుమారు మూడున్నర కిలోల బలంతో ముందుకు తోసుకుంటుంది. అదే టైంలో చక్రం గుంతలో పడి బ్యాగ్ కాస్త పైకి ఎగిరితే పట్టు ఇంకా సడలుతుంది. బ్యాగ్ జారితే ఎటు పోతుంది? నేరుగా హ్యాండిల్ వైపే.

అక్కడే అసలు డేంజర్. హ్యాండిల్‌కు, ట్యాంక్‌కు మధ్య బ్యాగ్ ఇరుక్కుంటే బండి తిరగదు. కోతల టైంలో మన రోడ్ల సంగతి తెలిసిందే. సగం రోడ్డు మీద వడ్లో, మక్కలో ఆరబోసి ఉంటాయి. ఎదురుగా బస్సు వస్తే బ్రేక్ వేయాలి, హ్యాండిల్ కూడా తిప్పాలి. సరిగ్గా ఆ క్షణంలో బ్యాగ్ అడ్డుపడితే పరిస్థితి ఏంటో ఊహించుకోవచ్చు. 2025 ఆగస్టు చివర్లో కురిసిన భారీ వానలకు కామారెడ్డి జిల్లాలో ఎన్నో రోడ్లు దెబ్బతిన్నాయి. గుంతల రోడ్లపై తిరిగేవాళ్లు ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మీ బండికి అతుకుతుందా?

మ్యాగ్నెట్‌కు ఇనుప ట్యాంకే కావాలి. స్ప్లెండర్, బుల్లెట్ లాంటి బండ్ల ట్యాంకులు స్టీల్‌వే కాబట్టి అతుకుతుంది. కొన్ని బండ్లకు ట్యాంక్ పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. చూడ్డానికి ఇనుములాగే కనిపిస్తుంది, కానీ మ్యాగ్నెట్ అతకదు. అల్యూమినియానికీ అంతే. కొనేముందు మెకానిక్ దగ్గర పాత స్పీకర్ మ్యాగ్నెట్ తీసుకుని, బ్యాగ్ ఎక్కడ ఆనుతుందో అక్కడంతా పెట్టి చూడండి. అన్ని చోట్లా పట్టుకుంటేనే కొనండి.

చాలామంది ట్యాంక్‌కు రెగ్జిన్ కవర్ వేయిస్తారు. మ్యాగ్నెట్‌కు, ఇనుముకు మధ్య కాస్త ఎడం వచ్చినా పట్టు వేగంగా పడిపోతుంది. కవర్ ఉంటే దాని మీదే మ్యాగ్నెట్ బ్యాగ్ పెట్టొద్దు. ట్యాంక్ మరీ వంపులు తిరిగి ఉన్నా మ్యాగ్నెట్ పూర్తిగా ఆనదు. అలాంటి బండ్లకు బెల్టులతో కట్టే బ్యాగే మేలు.

పెయింట్ ఎందుకు గీసుకుపోతుంది?

చిన్నప్పుడు ఇసుకలో మ్యాగ్నెట్ తిప్పితే నల్లటి రేణువులు అంటుకునేవి, గుర్తుందా? అవి ఇనుప ఖనిజం రేణువులు. రోడ్డు దుమ్ములోనూ అలాంటివి ఉంటాయి. బ్యాగ్‌ను ఒక్కసారి నేల మీద పెడితే చాలు, అవి కింద అంటుకుంటాయి. తర్వాత బ్యాగ్ ట్యాంక్ మీద కదిలినప్పుడల్లా గరుకు కాగితంలా పెయింట్‌ను గీస్తాయి.

అందుకే పెట్టే ముందు ట్యాంక్‌ను, బ్యాగ్ అడుగును తడిబట్టతో తుడిచి ఆరనివ్వాలి. బ్యాగ్‌ను జరపకుండా పైకెత్తి తీయాలి, నిటారుగా దించి పెట్టాలి. కింద పెట్టాల్సి వస్తే మ్యాగ్నెట్ వైపు పైకి ఉంచాలి.

ఫోన్, కార్డు, గుండె మిషన్.. జాగ్రత్త!

బ్యాగ్ పై పౌచ్‌లో ఫోన్ పెట్టి మ్యాప్ చూసేవాళ్లకు ఒక మాట. మ్యాగ్నెట్ వల్ల జీపీఎస్ దెబ్బతినదు. ఫోన్‌లోని దిక్సూచి మాత్రం తికమక పడొచ్చు. బాణం గుర్తు తప్పు దిక్కు చూపిస్తే కంగారు పడొద్దు, బండి కదిలాక సాధారణంగా సర్దుకుంటుంది. పెద్ద ఇంజిన్ బండ్ల వైబ్రేషన్ ఐఫోన్ కెమెరాను దెబ్బతీయొచ్చని యాపిల్ సంస్థే 2021లో హెచ్చరించింది.

ఏటీఎం కార్డు వెనక నల్ల గీత ఉంటుంది కదా, బలమైన మ్యాగ్నెట్‌కు అందులోని సమాచారం చెడిపోవచ్చు. చిప్‌కు ఏమీ కాదు. అయినా కార్డులు జేబులోనే పెట్టుకోండి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఈ బ్యాగ్ వాడొద్దు. మ్యాగ్నెట్లు ఉన్న ఫోన్లను, వాచీలను అలాంటి పరికరాలకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలని అమెరికా ఎఫ్‌డీఏ 2021లో సూచించింది. ట్యాంక్ మీద బ్యాగ్ ఛాతీకి దగ్గరగానే ఉంటుంది. భుజాన వేసుకుంటే ఇంకా దగ్గరవుతుంది.

కిక్ కొట్టే ముందు ఈ 5 చూసుకోండి

1. బ్యాగ్‌తో వచ్చే బెల్టును హ్యాండిల్ కింద ఫ్రేమ్‌కు కట్టండి. తిరిగే భాగానికి కట్టొద్దు. బెల్టు రాకపోతే విడిగా కొనండి. మ్యాగ్నెట్ జారినా బ్యాగ్‌ను ఆపేది ఇదే.

2. బండి స్టాండ్ మీద ఉండగానే హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పండి. బ్యాగ్ ఎక్కడా తగలొద్దు. హారన్, ఇండికేటర్ స్విచ్‌లు నొక్కుకుపోవద్దు. బ్రేక్, క్లచ్, యాక్సిలరేటర్ వైర్లు ఫ్రీగా ఉండాలి.

3. పెట్రోల్ మూతకు గాలి ఆడే రంధ్రం ఉంటుంది. దాన్ని బ్యాగ్ గట్టిగా మూసేస్తే ఇంజిన్‌కు పెట్రోల్ సరిగ్గా అందక బండి ఆగిపోవచ్చు.

4. కంపెనీ చెప్పిన బరువు దాటొద్దు. బరువైన సామాను అడుగున, తేలికైనవి పైన పెట్టండి. మీటర్ కనిపించనంత ఎత్తుగా నింపొద్దు.

5. పది నిమిషాలు నడిపాక ఓసారి ఆగి చూడండి. బ్యాగ్ కొంచెం జరిగినా బరువు తగ్గించి, బెల్టు బిగించండి.

ఇంకో మాట. మీకు ఒక్క చేత్తో వచ్చే బ్యాగ్ దొంగకూ ఒక్క చేత్తోనే వస్తుంది. బ్యాంకులో డబ్బు డ్రా చేసి బ్యాగ్‌లో పెట్టి, బస్టాండ్ దగ్గర టీ తాగుదామని బండి వదిలి వెళ్లొద్దు. డబ్బు, పాసుపుస్తకం ఉంటే బ్యాగ్ మీతోనే ఉండాలి.

మొత్తానికి మ్యాగ్నెట్ బ్యాగ్ చెడ్డదేం కాదు. తక్కువ సామానుకు, రోజువారీ తిరుగుడుకు బాగా పనికొస్తుంది. కానీ మ్యాగ్నెట్ ఉన్నది బ్యాగ్‌ను తేలిగ్గా పెట్టడానికి, తీయడానికి. రోడ్డు మీద దాన్ని కాపాడేది మాత్రం బెల్టే. ఆ బెల్టు కట్టడానికి నిమిషం కూడా పట్టదు.