అమ్మేది బస్తాలో... కొనేది పొట్లంలో!

ముందుగా ఒక చిన్న లెక్క వేసుకుందాం. 2025-26కి కేంద్రం మొక్కజొన్నకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. అంటే కిలో 24 రూపాయలు. అదీ తేమ, తాలు, తరుగు అన్నీ దాటుకుని పూర్తి ధర చేతికి వస్తేనే.

ఇప్పుడు మీ ఊరి కిరాణా కొట్టులో దండలుగా వేలాడే మక్క చిరుతిండి పొట్లం ఒకటి తీసుకుని బరువెంతో చూడండి. పది రూపాయల పొట్లంలో 20 గ్రాములు ఉందనుకుంటే కిలో 500 రూపాయలు పడ్డట్టు. మీరు 24కి ఇచ్చిన గింజ ఇరవై రెట్ల ధరకు మీ పిల్లవాడి చేతికే తిరిగొచ్చింది. మధ్యలో దానికి నూనె, ఉప్పు, రంగు, రుచి పొడులు తోడయ్యాయి. అది తిన్న పిల్లవాడు రాత్రికి అన్నం వద్దంటాడు. చేతిలో డబ్బు పోయింది, కడుపులో మంచి తిండీ పోయింది. పెద్ద రైతు ఈ నష్టాన్ని తట్టుకోగలడు. రెండెకరాల రైతుకు ఇది రోజూ కారే కుండ లాంటిది.

చర్లపల్లి దారిలో మూడు సంగతులు

నగరానికి తూర్పున ఉన్న చర్లపల్లి ఒకప్పుడు మామూలు పల్లె. ఇప్పుడది పారిశ్రామికవాడ, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా. 2025 జనవరి 6న ఇక్కడ కొత్త రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. కాజీపేట వైపు నుంచి, నడికుడి వైపు నుంచి నగరానికి వచ్చే రైలు దారి ఈ స్టేషన్ మీదుగానే పోతుంది. కాలం కలిసిరాక ఊరు వదిలి షెడ్లలో పనికి చేరిన వాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు కదా! పొద్దున్నే డ్యూటీ ఎక్కాలి, అద్దె గదిలో గ్యాస్ పొదుపుగా వాడుకోవాలి. అలాంటప్పుడు గట్క వండుకునే తీరిక ఎక్కడిది? చాయ్‌లో బన్ను, మధ్యాహ్నం బిస్కెట్లు, రాత్రికి రెండు నిమిషాల నూడుల్స్. దీన్ని బద్ధకమనడం తప్పు. తీరిక లేని బతుక్కి పొట్లం తిండి సులువు. పండక్కి ఊరొచ్చినప్పుడు అదే అలవాటు సంచిలో పెట్టుకుని తెస్తారు. ఇది మొదటి సంగతి.

చర్లపల్లి నుంచి మల్లాపూర్ దాటితే నాచారం వస్తుంది. అక్కడ ప్రభుత్వానికి చెందిన తెలంగాణ ఫుడ్స్ ఫ్యాక్టరీ ఉంది. రాష్ట్రం విడిపోక ముందు దాని పేరు ఏపీ ఫుడ్స్. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల పొట్లంగా ఇచ్చే బాలామృతం అక్కడిదే. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి చేస్తారు. అదీ ఫ్యాక్టరీ సరుకే! కాబట్టి యంత్రం తాకిన తిండల్లా విషమని భయపడక్కర్లేదు. ఎందుకోసం చేశారు, ఏం కలిపారు అన్నదే చూడాలి. ఇది రెండో సంగతి.

ఇంకాస్త ముందుకు పోతే తార్నాక. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ సంస్థ పుట్టుకలోనే మూడో సంగతి ఉంది.

తెల్ల బియ్యం నేర్పిన పాఠం

వందేళ్ల కిందట కోస్తాలోని ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కేవి, నీరు పట్టేవి, ముదిరితే గుండె ఆగేది. కారణం మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం. బి1 విటమిన్ తవుడులో ఉంటుంది. తవుడు గొడ్లకు పోయింది, తెల్ల గింజ మనిషికి మిగిలింది. వడ్లు ఉడకబెట్టి దంచిన ఉప్పుడు బియ్యం తినేచోట ఈ జబ్బు తక్కువ. ఉడికేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది మరి.

ఈ జబ్బు సంగతి తేల్చడానికే 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టర్ తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధనశాల పెట్టాడు. అదే 1958లో హైదరాబాదుకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉప్పుడు బియ్యమూ శుద్ధి చేసిందే, తెల్ల బియ్యమూ శుద్ధి చేసిందే. ఒకటి బలాన్ని నిలిపింది, ఒకటి తీసేసింది. తేడా అక్కడుంది.

మన ఇళ్లలో పెరుగు తోడేయడం, ఒరుగులు ఎండబెట్టడం, పేలాలు వేయించడం, గానుగాడించడం ఇవన్నీ శుద్ధి పనులే. ఇప్పుడు శాస్త్రవేత్తలు హెచ్చరిస్తున్నది వేరే రకం గురించి. గింజను పిండి పదార్థంగా, చక్కెర పాకంగా, నూనెగా విడగొట్టి, రంగులు, వాసనలు కలిపి మళ్లీ అతికించే తిండి. బ్రెజిల్‌కు చెందిన కార్లోస్ మాంటెరో బృందం 2009లో దీన్ని విడిగా గుర్తించి అల్ట్రా ప్రాసెస్డ్ ఆహారమని పేరు పెట్టింది. బిస్కెట్ల పొట్లం మీద లిక్విడ్ గ్లూకోజ్ అని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది ఎక్కువగా మీరు అమ్మిన మక్కల పిండి నుంచి తీసేదే!

ఒంటి మీద దెబ్బ

2019లో అమెరికాలో 20 మందిని ఆసుపత్రిలో ఉంచి ఒక పరీక్ష చేశారు. రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. రెండింట్లోనూ చక్కెర, కొవ్వు, ఉప్పు సమానంగా ఉండేలా చూశారు. ఎంత తినాలో వాళ్ల ఇష్టం. ఫ్యాక్టరీ తిండి దొరికినప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు ఒక కిలో బరువెక్కారు. ఇది నమిలే పని లేకుండా గొంతు దిగుతుంది. చాలని కడుపు చెప్పేలోగా పొట్లం ఖాళీ అవుతుంది.

మన దేశం సంగతి చూద్దాం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో చక్కెర జబ్బు ఉన్నవాళ్లు సుమారు 10 కోట్లు. పట్నాల్లో నూటికి 16 మంది, పల్లెల్లో నూటికి దాదాపు 9 మంది. పల్లె నయమే కదా అనుకోవద్దు. ఆ జబ్బు అంచున ఉన్నవాళ్లు పట్నంలోనూ, పల్లెలోనూ నూటికి 15 మంది చొప్పున ఉన్నారు. అంటే ఊరికీ పట్నానికీ తేడా చెరిగిపోతోంది. దీనికి పొట్లం తిండి ఒక్కటే కారణం కాదు. పాలిష్ బియ్యం, ఒళ్లొంచే పని తగ్గడం కూడా ఉన్నాయి. 2024లో తార్నాక సంస్థ విడుదల చేసిన ఆహార సూచనల్లో, దేశంలోని జబ్బుల భారంలో 56.4 శాతం సరిగా లేని తిండి వల్లేనని అంచనా వేశారు.

ఊరి మీద దెబ్బ

ఒంటికి తగిలిన దెబ్బ పరీక్షలో బయటపడుతుంది. ఊరికి తగిలింది అంత సులువుగా కనపడదు. గానుగ మూతపడింది. పండక్కి సకినాలు, గరిజెలు చేసే చేతులకు పని తగ్గింది. నాలుగు ఇళ్ల ఆడవాళ్లు ఒకచోట చేరి వడియాలు పెట్టుకునే రోజులు పోయాయి. అంబలి తాగే పిల్లను తోటి పిల్లలు నవ్వుతారేమోనని తల్లి చేతిలో పది రూపాయలు పెడుతోంది. ఖాళీ పొట్లాలు కాలువలో పేరుకుంటున్నాయి, మేతతో పాటు గొడ్ల కడుపులోకి పోతున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, గింజ మీద వచ్చే లాభం ఊరు దాటిపోతోంది. పండించిన కష్టం మనది, విలువ పెంచిన సంపాదన వేరేవాళ్లది.

మీరు చేయగలిగినవి

• అమ్మే ముందు ఇంటికి తీయండి. ఏడాదికి సరిపడా జొన్నలు, కందులు, పల్లీలు పక్కన పెట్టాకే మిగిలింది మార్కెట్టుకు పంపండి.

• గిర్నిలో పాలిష్ తక్కువ పట్టమని చెప్పండి. తవుడున్న బియ్యం త్వరగా ముక్కిపోతాయి కాబట్టి నెలకు సరిపడానే పట్టించుకోండి.

• పొట్లం వెనక వైపు చదివించండి. బడికి పోయే పిల్లలే చదువుతారు. ఏది ఎక్కువ కలిపారో అదే మొదట రాయాలన్నది నిబంధన. ముందు రాగుల బొమ్మ ఉండి, వెనక మొదటి పేరు మైదా అయితే అది మైదా బిస్కెట్టే.

• ఉప్పు లెక్క చూడండి. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదు. 100 గ్రాములకు సోడియం 1000 మిల్లీగ్రాములు అని ఉంటే రెండున్నర గ్రాముల ఉప్పు ఉన్నట్టు. ఇంటి పచ్చడికీ ఈ లెక్క వర్తిస్తుంది.

• ఇంట్లోదే కదా అని బూజు పట్టింది తినకండి. బూజు పట్టిన పల్లీలు, మక్కల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మక్కలను బాగా ఆరబెట్టాకే నిల్వ చేయండి.

• పది మంది కలిసి పిండిమర, గానుగ, పల్లి పట్టీల యూనిట్ పెట్టే ఆలోచన చేయండి. చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకంలో బ్యాంకు రుణంతో పాటు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా రాయితీ పెట్టారు. ఈ ఏడు దరఖాస్తుల వివరాలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. జొన్న, సజ్జ, రాగి సరుకుల తయారీ మెలకువలు రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థ నేర్పుతుంది. అమ్మేటట్టయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు తప్పనిసరి.

పొట్లం పూర్తిగా మానమని ఎవరూ అనరు. జాతరలో ఒకటి కొనిస్తే కొంపలేం మునగవు. రోజూ కొనేదాన్ని మాత్రం ఆపండి. రోజుకు ఇద్దరు పిల్లలకు పది రూపాయల చొప్పున ఏడాదికి 7,300 రూపాయలు. మద్దతు ధర లెక్కన అది మూడు క్వింటాళ్ల మక్కల డబ్బు! ఆ డబ్బులో సగంతో పల్లీలు, బెల్లం, గుడ్లు ఇంటికి తెచ్చినా పిల్లలు గట్టిపడతారు. ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.